జయరాముడి ఊడే టన్నెల్

జయరాముడి చేతిలో టీ గ్లాసు పడితే చాలు, నోటికి బ్రేకులుండవు. ఆ సాయంత్రం హిందూపురంలో ఆదిలక్ష్మి టీ అంగడి ముందు అతనికి దొరికిన శ్రోత షహీన్. పెనుకొండ పిల్ల. విడిభాగాలు తెప్పించుకుని ఇంటి షెడ్డులోనే రెండు సీట్ల కారు కట్టుకుంటోంది. ఇంజనూ, గేర్‌బాక్సూ కూర్చున్నాయి. సీట్ల మధ్య గూనిలా లేచి గేర్‌బాక్సును కప్పే రేకు, మెకానిక్కులు టన్నెల్ అనేది, అదొక్కటే మిగిలింది. అది ఊడివచ్చేటట్టు చేయకపోతే రేపు గేర్‌బాక్సుకు చిన్న రిపేరొచ్చినా ఇంజను మొత్తం దింపాల్సిందే. ఆ పని రేకుపని చేసే జయరాముడి చేతిలో పెట్టవచ్చో లేదో తేల్చుకోవడానికే ఆమె ఇంతదూరం వచ్చింది.

"నా బండికి నేనే చేసుకున్నా పాపా. నాలుగు బోల్టులు ఇప్పితే టన్నెల్ చేతికొస్తాది," అన్నాడు జయరాముడు, పక్కనే నిలబెట్టిన తన ఎర్ర కారును చూపిస్తూ.

నమ్మదగ్గ మాటే. షహీన్ బెంచీ మీద ముందుకు జరిగింది. "గేర్ రాడ్డు అడ్డం రాదా అన్నా?"

"రేకును రెండు ముక్కలు చేసినా. ఒకటి ముందరికి, ఒకటి ఎనక్కి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెనుకొండ ఘాటు ఎక్కుతాంటే గేర్‌బాక్సు మూలగబట్టె. ఆపితే బండి ఎనక్కి జారుతాది. కాలు ఆక్సిలరేటర్ మీదనే పెట్టి, ఎడంచేత్తో టన్నెల్ ఊడదీసి, పోతాండంగానే ఆయిలు పోసినా."

"స్టీరింగు ఎవరు పట్టుకున్యారప్పా?" ఆదిలక్ష్మి పాలు కలబెడుతూ అడిగింది.

"మోకాలు ఉండాది కదక్కా."

షహీన్ నవ్వలేదు. మోకాలి సంగతి ఎట్లా పోయినా, ఆ రెండు ముక్కల అతుకు ఎక్కడ పడిందా అని ఆమె ఆత్రం. జయరాముడు ఆ ఆత్రాన్ని తన గొప్పకింద వేసుకున్నాడు.

"ధర్మవరం చేరేలోపల గేర్‌బాక్సునే బయటికి తీసి, ఒళ్లో పెట్టుకుని, కిరసనాయిలుతో కడిగి మళ్లా బిగించినా. బండి దాని పాటికి అది పోతానే ఉండాది. ఆడ పట్టుచీరల షావుకారు ఎక్కినాడు. పెండ్లి చీర నలిగిందని ఒకటే ఏడుపు. కాగిన టన్నెల్ కింద పరిచినా. రైల్వే గేటు తీసేలోపల ఇస్త్రీ అయిపాయ."

"జరీ కరగలేదా?" అన్నాడు పోతులయ్య. చిలమత్తూరు నుంచి గొర్రెల బేరానికి వచ్చినవాడు, అంతవరకూ గమ్మున బన్ను నములుతున్నాడు.

"కరిగేది మామూలు టన్నెల్‌లో అప్పా. అన్నట్టు మీ చిలమత్తూరు దావలోనే మంద అడ్డమొచ్చ. నేను బ్రేకు వేస్తానా? ముందర రేకు ఎత్తి పట్టుకుంటి. గొర్రెలన్నీ బానెట్ కింద దూరి, టన్నెల్లో నడిచి, డిక్కీలోనుంచి వరసగా దిగిపాయ. ఒక్కదానికీ బొచ్చు రాలలే."

"అది నా మందే అయ్యుంటాది," అన్నాడు పోతులయ్య తాపీగా. "అప్పట్నుంచే గొర్రెలు ఆయిల్ వాసన కొడతాండాయి."

షహీన్ గ్లాసు కింద పెట్టింది. "గొర్రెలు నాకొద్దన్నా. ఒక్కసారి ఊడదీసి చూపించు."

జయరాముడు లేచాడు. జేబులు తడుముకున్నాడు. కారు చుట్టూ ప్రదక్షిణ చేసి, టైరును కాలితో తట్టి, చివరికి గొంతు తగ్గించి, "ఆదక్కా, ఉలీ సుత్తీ ఉండాయా?" అన్నాడు.

షహీన్ కారులోకి వంగి కార్పెట్ ఎత్తింది. రేకు అంచు పొడుగునా చీమలబారులా రివిట్లు. మందుకైనా ఒక్క బోల్టు లేదు.

"ఇది పగలగొడితే తప్ప ఊడదు కదన్నా. ఒక్కసారన్నా తీసినావా?"

"బోల్టులకనే బెజ్జాలు వేసినా పాపా," జయరాముడి మొహం చిన్నబోయింది. "బస్సు బాడీలు కట్టిన చెయ్యి ఇది. బెజ్జం కనపడితే చాలు, రివిట్ కొట్టేస్తాది. అంతా కొట్టినంక గుర్తొచ్చ."

షహీన్ రేకు మీద వేలు నడిపింది. ఎక్కడా సొట్ట లేదు. రాడ్డు దగ్గర అతుకు వెంట్రుక దూరనంత దగ్గరగా కూర్చుంది. ఇట్లా వంచగలిగే చెయ్యి కోసమే ఆమె ఇన్నాళ్లూ తిరిగింది. ఆమెకు ప్రాణం లేచివచ్చింది.

"రేపు పెనుకొండకు రా అన్నా. రేకు నువ్వు వంచు, బెజ్జాలు నువ్వే వెయ్యి. బోల్టులు మాత్రం నేను బిగిస్తా."

ఆదిలక్ష్మి చెయ్యి చాపింది. "పోయే ముందర రివిట్ గన్ను ఈడ పెట్టి పో అప్పా. నోరు నీకాడే పెట్టుకో, దాన్ని బిగించేకి బోల్టులూ లేవు, రివిట్లూ లేవు."