ఒత్తులు లేని కథలు

"గొప్పలు చెప్పుకోకూడదు గానీ, మా పాపకి చదువు చెప్పే మెషీన్‌కి చదువు చెప్పింది నేనే," అన్నాడు ఇస్త్రీ గది పొడుగాయన, టీ ఊదుకుంటూ.

లాండ్రీలో అది టీ వేళ. ఉతికిన దుప్పట్లు ఆవిరిలో మబ్బుల్లా వేలాడుతున్నాయి. ఆయన ఏడేళ్ల కూతురు ఎక్కడో దూరాన, అమ్మమ్మ దగ్గరుంది. చదవడంలో వెనకబడిందని బడివాళ్లు ట్యాబ్ ఇచ్చారు. పాప పైకి చదువుతుంటే అది వింటుంది, తడబడిన చోటు గుర్తుపెట్టుకుని ఆ పిల్లకి తగ్గ కథ అల్లుతుంది. మరో ఊరి నుంచి ఒక టీచరమ్మ కనిపెట్టుకుని ఉంటుంది.

"ఒత్తుల దగ్గర పాప ఏడుస్తుంటే ఫోన్లో విన్నాను. మనసాగలేదు. టీచరమ్మకి చెప్పి ఒత్తున్న మాటలన్నీ ఆపించేశాను. కుక్క లేదు, పిల్లి లేదు. ఆవు, మేక, నది, పడవ. అంతే, గడగడా చదివేసింది!"

"అంటే ఆ కథల్లో ఇస్త్రీ కూడా ఉండదన్నమాట," అన్నాడు బట్టలుతికే బావ. "పదండి, అక్కడికే పోదాం."

"విను బావా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మెషీన్‌కి పాప ఊపిరి కూడా పట్టుబడింది. పాప ఆగితే పడవ ఆగుతుంది. ఎగిరిన చేప గాల్లోనే ఉండి, 'నిదానంగా కానీ పాపా, నాకేం తొందర' అంటుంది. మొన్న పాప ఆవులిస్తే నది అటు తిరిగి పడుకుంది!"

"పక్క తడవలేదూ?"

"తడిస్తే ఆరేసుకుంటుంది, నీకెందుకు? నిన్నైతే, పాప ఆఖరి వాక్యంలో ఉండగా పొద్దు వాలబోయి ఆగిపోయింది. నీడలు కదల్లేదు. కాకులు గూట్లో ఒక కాలు పెట్టి అలాగే నిలబడ్డాయి. ఊరు ఊరంతా పాప నోటివైపే చూసింది. పాప ముగించాకే చీకటి పడింది!"

మడతలు పెట్టే పెద్దమ్మ చేతిలోని దుప్పటి పక్కన పెట్టింది.

"బాగుంది నాయనా. 'అమ్మమ్మ' కథలో లేకపోయినా ఇంట్లో ఉంది. మరి 'నాన్న'?"

పొడుగాయన ఆవిరి పట్టిన రేకు బల్ల మీద వేలితో ఆ మాట రాసి చూసుకున్నాడు. ఒత్తు ఉంది. మెల్లగా ఫోన్ తీశాడు.

"టీచరమ్మా, ఒత్తులు మళ్లీ పెట్టించండి. ఏడుస్తుంది, తెలుసు. ఏడిస్తే నాకు ఫోన్ చెయ్యమనండి. ఈసారి మాన్పించను. వింటూ కూర్చుంటాను."