పాడే పిల్ల

ఇప్పపూలు ఏరుతూ ఆ తల్లి ఆడపడుచుతో కూతురి మాట ఎత్తింది.

“మన పుష్పలత పాడుతుంటే బుట్ట నిండిందే తెల్వకపోయేది వదినా.”

“ఇప్పుడేమో చెట్లు తిడుతున్నయని ఏడుస్తంది. దానికి అమ్మవారు పూనింది! జాతరల గద్దె మీద కూసోబెడదాం, ఊరంత మొక్కుతది.”

“దీని అన్న సమ్మయ్య మాట బంద్ జేస్తే అమ్మవారన్నమా? దవాఖానాకు తోల్కపోయినం.”

“వాడు పందొమ్మిదేండ్లకే తానం మానిండు, మూల కూసున్నడు. ఇది ముప్పైల పడ్డది, ఊరంత తిరిగి మాట్లాడతది. రెండూ ఒక్కటేనా?”

“వానికి మందులిచ్చే డాక్టరమ్మనే చెప్పింది. ఇదే మనసు జబ్బు మొగపిల్లలకు ఎక్కువగా జల్దీ వస్తదంట, ముడుచుకపోతరంట. ఆడపిల్లలకు లేటుగ, ఏడుపుతోని, భయంతోని మొదలైతదంట.”

“మరి జాతర?”

“రేపు పొద్దుగాల బస్సుకు ఖమ్మం దవాఖానాకు పోతున్నం. ఊరికి అమ్మవారు కావాలె వదినా, నాకు మాత్రం పాడే పిల్ల కావాలె.”