బెండు టోపీ మేస్టారు

1921 జూలై నాలుగవ తేదీన అనకాపల్లిలోని మన ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయులుగా ప్రవేశించిన శ్రీ బొడ్డేటి త్రినాధరావుగారు, ఇరవై ఎనిమిది సంవత్సరాల సేవానంతరం ఈ 1949 జూన్ మాసాంతాన పదవీ విరమణ చేస్తున్నారు.

తొలి ఇరవై ఏళ్లలో ఆయన నేర్పిన కసరత్తులు, శిష్యులు గెలిచిన పందేలు పెక్కు. 1941 దసరాకు ముందు ఊరి సాముగరిడీల శాల అయిన తాలింఖానాలో కర్రసాము నేర్పుతుండగా ఒక శిష్యుని కర్ర గురి తప్పి ఆయన కణతకు తగిలింది. తొమ్మిది దినాలు స్పృహ లేదు. కళ్లు తెరిచాక ఎడమకాలు స్వాధీనంలో లేదు. అంతకంటె దుర్భరమైనది, నిత్యం పలికిన డ్రిల్లు ఆజ్ఞలే తారుమారు కావడం. కుడికి తిరగమనబోయి కూర్చోమనేవారు. సతీమణి శ్రీమతి దేముడమ్మగారు ప్రతి ఉదయం పెరట్లో విద్యార్థివలె నిలబడి, ఆజ్ఞ తప్పయితే తప్పుగానే నడిచేవారు.

“మీరెటు తిప్పితే అటే తిరుగుతాను. సూసుకుని సెప్పండి” అనేవారామె.

పద్నాలుగు నెలలకు ఆయన తిరిగి విధులలో చేరారు. చేరిన వారానికే కొండకర్ల నుండి జీలుగు బెండు తెప్పించి, లోపల దూది, పైన గోనెగుడ్డ వేసి టోపీలు కుట్టించారు. టోపీ లేనిదే కర్ర ముట్టరాదని శాసించారు. పదిహేనేళ్ల కుర్రవాళ్లకు అది తలవంపులనిపించింది. వారిలో మేటి, మునగపాక పైడిరాజు, టోపీ నేలన పెట్టేశాడు.

“ఇది ఎట్టుకుంటే ఊరంతా నవ్వుతారు మేస్టారూ. పిరికోళ్లనుకుంటారు.”

“నవ్వనీరా. దెబ్బ తగిలేక మా ఇంటావిడ పేరు మూడు నెల్లు నాకు గుర్తు రాలేదు. ఏటని పిలవాలో తెలీక సెయ్యి ఊపేవోణ్ణి. ఆవిడికి మాత్రం నవ్వు రాలేదు.”

పైడిరాజు వంగి టోపీ తీసి తలకు పెట్టుకున్నాడు. మరుసటి దసరా ప్రదర్శనలో ఒక దెబ్బకు ఆ టోపీ నిలువునా చీలింది. పైడిరాజు తల తడుముకుని లేచి నిలబడ్డాడు. ఆ తరువాత సబ్బవరం తాలింఖానా వారు కూడా టోపీల కోసం కబురు పెట్టారు.

నాడు తమను కొట్టిన శిష్యుడెవరని అడిగినవారికి త్రినాధరావుగారు నేటికీ “గేపకం లేదు” అనే బదులిస్తారు. దాచదలచిన ఆ ఒక్క పేరుతో సహా సమస్తమూ జ్ఞప్తిలో పదిలంగా ఉండి, దేముడమ్మగారితో కలిసి ఆయన ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని సహోద్యోగులందరి ఆకాంక్ష.