లుంగి కప్పిన లాప్‌టాప్

ఇగో మురళీ, నీ లాప్‌టాప్ నువ్వే తీస్కపో అల్లుడా. నాకద్దు. దీనికంటె మా అత్త ఇచ్చిన పాత మగ్గమే నయం, తిట్టుకుంట నడిపినా చెప్పినట్టు ఇంటది.

కూసో, కూసో. చాయ్ పెడ్త గని ముందుగాల నా బాధ ఇను. ఊరందరి కంప్యూటర్లు బాగుచేసేటోనివి, సొంత మేనత్తకు గిసొంటి డబ్బ అంటగడ్తవా? నాలుగు దినాలు కూసోబెట్టి నేర్పితివి గద, స్క్రీన్ షేరింగు, స్క్రీన్ షేరింగు అని. పచ్చ బటన్ ఒత్తు అత్తా, గంతే అంటివి. గంతేనా? నలుగురి ముంగట ఒత్తి సూడు, తెలుస్తది!

పొద్దుగాల పదకొండింటికి మీటింగు. హైదరాబాద్ చీరల దుకాణం మేడం, సింధూజమ్మ. మన ఊరి నేతోళ్లం నాలుగిండ్లోళ్లం, ఎవలింట్ల వాళ్లం కూసున్నం. ఒక్కొక్కలు కొత్త డిజైన్ తెర మీద సూపియ్యాలె, ఆమెకు నచ్చినోళ్లకు దసరా చీరల పని. మీ బాపు సుత ఉన్నడు. ఎందుకుండడు! మా అన్న వెంకటనర్సు లేని మీటింగు ఉంటదా? తెల్లంగి ఏస్కొని, తలకు నూనె వెట్టుకొని, తెర నిండ ఆయన మొకమే.

నా వంతచ్చింది. పచ్చ బటన్ ఒత్తిన. అంత నల్లగ! "సుభద్రమ్మగారూ, మాకేం కనబడట్లేదండీ" అనవట్టె మేడం. నాకు మాత్రం మంచిగనే కనబడ్తాంది మరి.

ఏందీ, పర్మిషనా? ఇచ్చిన బిడ్డా. అడిగింది, ఇచ్చిన. ఇచ్చినంక బంజేసి మల్ల షురూ చెయ్యాలెనా? గది నాకు జెప్పినవా? చెప్పినవా! అయితే మర్సిన తియ్.

బంజేసి మల్ల ఒత్తిన. ఈసారి ఏమైందో ఎర్కనా? మీటింగుల మీటింగు, దాంట్ల ఇంకో మీటింగు, దాంట్ల ఇంకోటి. మీ బాపు మొకం చిన్నగైకుంట చిన్నగైకుంట పదిసార్లు కనబడవట్టె. ఒక్క అన్నతోనే ఏగలేక సస్తాంటె పది మంది అన్నలా అల్లుడా!

"తెర మొత్తం కాదమ్మా, ఆ ఒక్క బొమ్మనే పంపండి" అన్నది మేడం, ఓపిక గల మనిషి. సరే, ఒక్కటే ఏరి పంపిన. ఏం బోయింది? మగ్గం కింద మీ మామ నోరు తెర్సుకొని పండిన ఫోటో! మా బిడ్డ ఉష పోయిన ఎండకాలం తీసి దాంట్ల పెట్టింది.

"గిదేనా చెల్లే నీ కొత్త డిజైను?" అన్నడు మీ బాపు. అందరు ఒక్కతీరు నవ్వుడు. మీ మామ ఈడనే ఉన్నడు, కండెలు చుట్టుకుంట. పాపం, పొద్దటి సంది నాతోని మాట్లాడ్తలేడు.

ఆఖరికి అసలు బొమ్మ వచ్చింది. భువనగిరి గుట్ట డిజైను. నున్నగ కోడిగుడ్డోలె గుట్ట, రెండు దిక్కులకెల్లి ఖిల్లా మీదికి మెట్లు. రెండు నెలలు గడీల కాయితం మీద గీసిన బిడ్డా, ఒక్కొక్క గడి పెన్సిల్ తోని నింపుకుంట. మేడం "అబ్బా!" అన్నది. నా పానం నిమ్మళమైంది.

గప్పుడే పక్కింటి గుర్వమ్మ గడప తొక్కింది. పాలు తోడేసుకోను జరంత పెరుగు కావాల్నట.

నేతోళ్ల ఇంట్ల పుట్టినోనివి, నీకు చెప్పాల్నా? మగ్గం మీద కొత్త డిజైన్ ఉండంగ ఎవలన్న లోపటికస్తె ఏం జేస్తం? లుంగి కప్పుతం. మా అవ్వ కాలంకెల్లి అదే. చీర కోసి దుకాణానికి చేరే దాక ఆడబిడ్డకు సుత సూపియ్యం. చెయ్యి ఆగుతదా? దండెం మీద మీ మామ లుంగి గుంజి లాప్‌టాప్ మీద కప్పిన.

కప్పి, లోపటికి వోయి, పెరుగేసిచ్చి, ఆమె కోడలి ముచ్చట ఇని, మెల్లగ వచ్చి కూసున్న. లుంగి కింద నా గుట్ట పదిలంగ ఉన్నది, ఇగ ఫికర్ లేదనుకున్న. అంతల లుంగి లోపటికెల్లి మేడం గొంతు, "సుభద్రమ్మగారూ, ఇప్పుడు చాలా బాగా కనబడుతోందండీ. అలాగే ఉంచండి!"

నవ్వు, నవ్వు. లుంగి కప్పితె నాకొక్కదానికే కనబడదు, లోకానికంత కనబడ్తదని నాకేమెర్క?

ఇంకో సప్పుడు సుత ఇనొచ్చింది. టిక్, టిక్, టిక్. ఎవలో ఫోను తోని ఫోటోలు కొడ్తుండ్రు. మైకు బంజేసుడు మర్సిండ్రు. ఎవలో అంటున్న గని, తెల్వదా ఎవలో?

అడ్డం రాకు. మీ బాపే. పోయినేడు నా హంసల చీర ఏమాయె? సొంత అన్న గద అని ఇంటికచ్చిన దినం లుంగి కప్పలే. చాయ్ తాగినంత సేపే సూసిండు. మీకు నాలుగు మగ్గాలాయె, నాకొక్కటాయె. నాకంటె వారం ముందుగాల దుకాణానికి చేర్చిండు. నేను నా చీర పట్కపోతె, "ఇది వెంకటనర్సు డిజైన్ గదమ్మా, కాపీ కొట్టుడు మంచిదేనా?" అన్నరు. నన్ను! రామన్నపేట దాక బస్సుల కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్సుకుంట వచ్చిన. అది ఇంక నా కడుపులకెల్లి పోలే మురళీ.

ఇయ్యాల్టి ఫోటోలను పెద్దగ ప్రింటు తీసిచ్చింది నువ్వే గద? నేల సూపులు సూడకు. బాపు అడిగితె కొడుకు కాదంటడా, నిన్నేమంట.

ఏం జేస్తుండు ఇప్పుడు మీ బాపు?

నా గుట్ట కోసం ఆసు మేకుల మీద పట్టు పోసిండా! పగటీలి సంది కడ్తనే ఉన్నడా? అన్నం తిన్నడా? తినలే... కండ్ల ఆపరేషనై నెలన్న కాలే గద. డాక్టర్ ఇచ్చిన అద్దాలు సుత పెట్టుకోలేదా? ఇద్దరు ముగ్గురు కూసొని కట్టే ముళ్లు ఒక్కడే కడ్తుండా? రేపొద్దుగాల రంగుల ముంచుతడా?

ఆగు. చాయ్ పొంగుతాంది.

...ఇగో, తాగు. చక్కెర జర ఎక్కువైంది.

అల్లుడా, నీ డబ్బకు ఏ రోగం లేదు. ఆ పచ్చ బటన్ నాకు మొదటి దినమే వచ్చింది. పర్మిషన్ తీసేసింది నేనే. మీ మామ ఫోటో పంపింది నేనే. పదకొండుంబావుకు పెరుగు కోసం రా అని గుర్వమ్మకు నిన్ననే చెప్పిపెట్టిన. లుంగి కప్పితె షేరింగు ఆగదని నాకు తెల్వదా? బంజేసే దాక నడుస్తనే ఉంటదత్తా అని నువ్వే గద నెత్తి మొత్తుకుంటివి! పిచ్చి సుభద్రకు ఏం తెల్వదు, పొరపాటున అసలు డిజైన్ చేతికి దొరికింది అని మా అన్న అనుకోవాలె. గందుకే గీ నాటకమంత.

ఆ బొమ్మల నడిమిట్ల ఒక్క వరుస గడీలు తీసేసిన. తెర మీద ఎవలికి కనబడదు. మేడంకు సుత కనబడలే, పని నాకే అన్నది. అదే కట్టి, రంగుల ముంచి నేస్తె మాత్రం ఎడమ దిక్కు మెట్లు కుడి దిక్కు మెట్లకు అందయి. గుట్ట నడిమిట్ల పలిగినట్టుంటది. పట్టంత దండుగ.

సంబురపడ్దామనుకున్న. పొద్దంత మగ్గంల కూసొని ముసిముసిగ నవ్వుకున్న సుత. ఇగ నువ్వు గా కండ్ల ముచ్చట చెప్తివి.

నాకు ముడి కట్టుడు నేర్పిందెవలు? ఎనిమిదేండ్ల పిల్లను. సైకిల్ ట్యూబు సన్నగ కోసి నా చేతుల పెట్టి, "గట్టిగ కట్టు సుభద్రా, రంగు లోపటికి దూరద్దు" అన్నడు. ఇయ్యాల్టి దాక నా ముడిల రంగు దూరలే. ఆయన కట్టే ముడిని నేనే పాడుజేస్తినా?

పో, ఉరుకు. రంగుల ముంచక ముందే ఆపు. వరుస తప్పింది బాపూ అని చెప్పు. ఎవలు తప్పిచ్చిండ్రంటె నా పేరే చెప్పు, నేనేం భయపడ. రేపొద్దుగాల ఇటు రమ్మను. అడిగితె సూపియ్యనా నేను? చెల్లె డిజైను అన్న దొంగతనంగ సూసుడేంది? మగ్గం మీద లుంగి తీసే ఉంచుత.

డబ్బ ఎటు తీస్కపోతున్నవ్? ఈడ పెట్టు. మంచిగ పనిచేస్తాంది.

ఇగో మురళీ, ఇంకో మాట. మీ బాపును ఫోను మాత్రం ఇంట్లనే పెట్టి రమ్మను.