లసుమవ్వ పెట్టిన పేరు

ఏందే అంకితా, మూతి గట్ల ముడ్సుకొని వచ్చినవ్? చర్చిల కన్ఫర్మేషన్ క్లాసుల అయ్యగారు కోపం జేసిండా? ఏమడిగినవ్? "అన్నీ తెల్సిన దేవునికి మనం మళ్ల ప్రార్థనల ఎందుకు జెప్పాలె" అన్నవా? గంతేనా! గంత దానికే విశ్వాసం లేనోళ్ల మాట అన్నడా? రా, ఇట్ల కూసో. నీకంటే ముందుగాల గా మాట అడిగినామె మనింట్లనే ఉండె. మా అత్త, లసుమవ్వ. మీ తాతను కన్నతల్లి. నువ్వు పుట్టకముందే పోయింది. ఆమె గిట ఇప్పుడుంటే మీ అయ్యగారు వారం దిరగకముందే ట్రాన్స్‌ఫర్ వెట్టుకొని ఉరుకుతుండె. అట్ల ఉరికినోళ్లు పదిమంది ఉన్నరు మరి. నవ్వకు. పది గాకుంటే ఒక్కడు, ఉరికిండా లేదా?

ఆమె చర్చిల లేసి నిలవడ్డదంటే గోడ మీది బల్లి గూడ సప్పుడు జెయ్యక ఇనేది. గొంతు బాల్కొండ దాంక ఇనవడేది, మైకు లేకుండ. "అయ్యగారూ, తోట నడుమ చెట్టు వెట్టి దాని పండు ముట్టొద్దనుడెందుకు? నేనైతే పిల్లలున్న ఇంట్ల బెల్లం కుండ అటుక మీద పెడ్త. దేవునికి అటుక లేదా?" ఇగ ఒక అయ్యగారు ఆంధ్ర దిక్కు నుంచి వచ్చిండు, పాపం, పాలల్ల చక్కెర ఏసినట్టు మాట్లాడెటోడు. "క్రైస్తవ స్త్రీలు పసుపు రాసుకోకూడదమ్మా, అది అన్యుల ఆచారం" అన్నడు. ఏడ? ఆర్మూర్‌ల! గది గూడ పసుపు ఉడకవెట్టే దినాలల్ల! మా మొకాలు పచ్చగ, చీరెలు పచ్చగ, చెమట పచ్చగ, ఊర్లె కుక్కలు గూడ పచ్చగనే తిరుగుతుండె. మా అత్త లేసి, "మరి ప్రభువు బల్ల కాడ రొట్టె తీస్కోనీకి ఏ చెయ్యి సాపాలె అయ్యగారూ? దాన్ని మొలిపించింది దేవుడే గదా, ఏం పాపం జేసిందది?" అన్నది. ఆయన శానాసేపు పైకి సూసి, సూసి, "పాట పాడుకుందాం" అన్నడు.

గట్లని ఆమెకు విశ్వాసం లేదనుకోకు. రాళ్లవాన గొట్టినా ఆదివారం తప్పకపోయేది. "అడుగుడు బంద్ జేస్తే లసుమవ్వ నిద్రవోయిందనుకుంటడు దేవుడు" అనేది. జర గా కిటికీ ముయ్యి బిడ్డా, పసుపు పాలిష్ మిషన్ దుమ్మంత లోపల్కి వస్తుంది. ఆ, సాలు.

మీ నాయినకంటే ముందుగాల నాకొక ఆడిపిల్ల పుట్టింది. నీకు తెల్వదు. మీ నాయినకు గూడ సక్కగ తెల్వదు. ఎంత అందమంటే, గీ జిల్లాల గసొంటి పిల్ల... లేదు, ఉన్నదున్నట్టు జెప్త. చిన్నగుండె. ఏడుపు గూడ సన్నగుండె. మీ తాత అప్పుడు బొంబాయిల పనికి పోయిండు, ఇంట్ల అత్త, నేను, గంతే. అయ్యగారు నెలకొక్కపారి వచ్చేది, సిరికొండ, ధర్పల్లి అంతా ఆయనొక్కడే తిరిగేది. ఆయన వచ్చినంక బాప్తిస్మం, అప్పుడే పేరు అనుకున్నం. పిల్లకు జరమొచ్చింది. అయ్యగారు రాకముందే పోయింది. పానం పోయేటప్పుడు నా ఒళ్లెనే ఉండె. మా అత్త చేన్ల పసుపు కడాయి కాడ ఉండె, కబురువోతే ఉరికొచ్చింది.

చర్చి బొందలగడ్డ తాళం హనుమాన్లు పెద్దయ్య కాడ ఉండేది. సంఘానికి పెద్ద. చెడ్డోడని జెప్పను. గని రూలంటే రూలు. "బాప్తిస్మం గానోళ్లకు లోపల జాగ లేదు లసుమవ్వా, కంచె అవతల తవ్వుకోండ్రి" అన్నడు. కంచె అవతల బర్లు తిరిగే జాగ. నేను రాయి మీద కూసున్న, మూట ఒళ్లె వెట్టుకొని. రొమ్ములు సేపి రైక తడుస్తున్నది, పిల్ల లేదని వాటికేం తెలుసు.

మా అత్త మొదలువెట్టింది. "నీళ్లు జల్లకుంటే దేవుడు పిల్లను గుర్తువట్టడా పెద్దయ్యా? చేసినోడు ఆయనే గదా." "రూలు గట్లున్నదవ్వా." "మరి సిలువ మీద పక్కకున్న దొంగకు నీళ్లు ఎవలు జల్లిండ్రు? ఇయ్యాల నాతోని పరదైసుల ఉంటవ్ అన్నడు గదా యేసయ్య. నువ్వే సదివితివి." "వాని కథ వేరు. వాడు నోటితోని ఒప్పుకున్నడు." "దీనికి నోరే రాకపాయె. ఏం పాపం జేసిందని ఒప్పుకోవాలె?" పెద్దయ్య తువ్వాలతోని కండ్లు తుడ్సుకున్నడు. "నేను వెట్టిన రూలా అవ్వా? రేపు అయ్యగారు అడిగితే ఏమని జెప్పాలె?" అన్నడు. తాళం మాత్రం తియ్యలే.

అప్పుడు మా అత్త గొంతు దించింది. గసొంటిది నేను ఎన్నడు సూడలే. సల్లగ, "బాప్తిస్మం నేనే ఇచ్చిన" అన్నది. "పానం పోతదనిపించింది. అయ్యగారు లేనప్పుడు ఎవలన్న ఇయ్యచ్చని మీరే జెప్పిండ్రు గదా. కుండల నీళ్లు దీసి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అని నెత్తి మీద జల్లిన."

నేను మొకం ఎత్తి ఆమెను సూసిన. పెద్దయ్య ఆమెను సూసిండు, నన్ను సూసిండు. ఆమె చేతులకు చేన్ల పసుపు తడి గూడ ఆరలే. "ఏం పేరు వెట్టినవ్?" అన్నడు. మేం చిన్నదే చిన్నదే అని పిలుసుకుంటున్నం, పేరేడిది? మా అత్త కన్నార్పలే. "వసుమతి" అన్నది. మేం పసుపు అమ్మెతందుకు పోయే అడ్తి దుకాణం సేటు బిడ్డ పేరు, మా అత్తకు ఎన్నడు నోరు దిరగకపోయేది. గా దినం మాత్రం పువ్వు లెక్క పలికింది. "గిదేం పేరు, బైబిల్ల ఏడున్నది?" అంటే, "నీ పేరు ఏ అధ్యాయంల ఉన్నది, హనుమాన్లు పెద్దయ్యా?"

ఆయన నవ్వలే. తాళం తీసిండు. మట్టి ఏసినంక ఆయనే ప్రార్థన జేసిండు, "ప్రభువా, మా వసుమతిని నీ చేతులకు అప్పజెప్తున్నం" అని. నా బిడ్డను పేరువెట్టి పరాయోళ్లు పిల్సిన మాట గదొక్కటే.

ఇంటికి వస్తుంటే తొవ్వల, "అత్తమ్మా, దేవుడు..." అన్న. "అడిగితే నేను జెప్త. నువ్వు నడుమ రాకు" అన్నది. గంతే. బతికినన్ని దినాలు మళ్ల గా ముచ్చట ఎత్తలే, నన్ను ఎత్తనియ్యలే.

గా కంచె అవతలి జాగల ఇప్పుడు రోడ్డు వడ్డది బిడ్డా. లారీలు పోతున్నయ్. నాకైతే లోపల పోయి కూసోనీకి ఒక జాగున్నది. సమాధుల పండుగకు మైనంబత్తి ముట్టియ్యనీకి, గడ్డి వీకనీకి. అది ఆమె ఇచ్చిందే. గిది పాపమా అంటే నాకేం ఎర్క? ఆమెను గూడ గా పిల్ల పక్కకే వెట్టినం. పైన దేవుడు అడిగిండో, ఈమె ఏం జెప్పిందో...

...

నువ్వేం తినకుండనే పోయినట్టున్నవ్ గదా పొద్దుగాల. లే. జొన్నరొట్టె ఉన్నది, పెట్టుకో.