గొట్టానికి జాలీ

పైవాటా ఏసీ నీళ్లు పోయే గొట్టం మూతికి పెద్ద తోడికోడలు జాలీ బిగిస్తోంది. కింది వాటాలోంచి చిన్న తోడికోడలు వచ్చి వెనక నిలబడింది.

"ఎలుకలకా అక్కా, జాలీ?"

"గుడ్డలు కుక్కే ఎలుకకి. నీళ్లు వెనక్కి తన్ని మీ బావగారి మంచమంతా తడిసింది. కదల్లేని మనిషి, ఆ తడిలోనే పడున్నారు."

"ఎలుకే అయ్యుంటుంది."

"ఎలుకలకి గళ్ల చొక్కాలుంటాయటే? అది పోయిన మా మరిది చొక్కా ముక్క."

"బావగారికి చెడు తలపెట్టి కాదక్కా."

"మరెందుకు?"

"ఈ నీళ్లకి బకెట్ పెట్టింది మా ఆయనే కదా. చుక్క పడ్డప్పుడల్లా, నిండిందేమో చూడవే అన్నట్టుంటుంది. లేచి వచ్చేస్తున్నాను."

"బకెట్ తీసెయ్యొచ్చుగా, పిచ్చిదానా."

"ఆయన పెట్టింది నేనెలా తీస్తాను?"

"జాలీ జోలికి మాత్రం రాకు. డాక్టర్లు చెయ్యగలిగిందేమీ లేదన్నారు. మీ బావగారికి మిగిలిన సుఖం ఆ చల్లగాలి ఒక్కటే."

"రాను. పోనీ, బకెట్ నువ్వే తీసెయ్యి."

"వద్దు, ఉండనీ. ఆ చుక్కల చప్పుడు ఆగిపోయిన రోజున పైకి రా. నిన్ను పిలవడానికి అప్పుడు నాకు గొంతు రాదు."