ఎద్దులకు చెప్పులు

మాలకొండయ్యని ఒకడుండేవాడంట. ఉప్పుబండోడు. సముద్రం ఒడ్డున కొటార్లలో ఉప్పెత్తుకోవడం, కొండల కాడి ఊళ్ళకు తోలకపోవడం, ఆడ ఉప్పు పోసి జొన్నలు తెచ్చుకోవడం, అదీ వాడి బతుకు. కాలు ఇంట్లో నిలిచే పని కాదనుకో. ఆ ఏడు వాడి ఎద్దులు రెండూ రోగమొచ్చి చచ్చిపొయ్యాయంట. బండుంది, ఎద్దుల్లేవు. కొనాల్నా, బాడుగకు తెచ్చుకోవాల్నా అని ఎండాకాలమంతా అడగతా తిరిగాడంట. చేపలామెను అడిగాడు, కల్లు దుకాణం కాడ అడిగాడు, దారిన పొయ్యేవాణ్ణి ఆపి అడిగాడు. పెళ్ళాం పెంచలమ్మను మాత్రం అడగలా. అడక్కపోతే మాత్రం ఆమె ఊరుకుద్దా? "ఏమయ్యా, ఏడాదంతా బాట మీదుండేవాడివి, నీకు బాడుగెద్దులేంది? ఇయ్యిగో నా కాళ్ళ కడియాలు, పోయి కొనుక్కోనిరా" అని ఊడదీసి చేతిలో పెట్టిందంట. వీడేమో మా తెలివైనోడిలాగా, పిచ్చిదానా, కొన్నెద్దు చస్తే నష్టం మనది, బాడుగెద్దు చస్తే నష్టం నాయుడిది అని, కడియాలు మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టి పొయ్యాడంట.

నాయుడంటే బుచ్చినాయుడు, ఎద్దులు బాడుగకిచ్చేవాడు. ఆయనేమన్నాడంటే, "కొంటావా, ఈ బక్కెద్దులు నీ పెళ్ళాం కాళ్ళ కడియాలకొస్తాయి. బాడుగంటావా, తెచ్చిన జొన్నల్లో సగం నాకు. ఇంకొక్క మాట. కాలికి కొట్టిన నాడా అరక్కూడదు. నాడా అరిగిందా, ఎద్దు అరిగినట్టే లెక్క. అరిగినదానికి ఖరీదు కట్టాల" అన్నాడంట. వీడు తలూపి తోలకొచ్చాడు. పెంచలమ్మకు తల తిరిగిపోయింది. తిరిగితేనే కదయ్యా మనకు జొన్నలు, తిరిగితే నాడా అరగదా, ఇనపముక్క కదా అది అంటే, అదేదో మాటవరసకంటార్లేవే అన్నాడంట. నువ్వు నవ్వబాక కోటిలింగం, నీ సంగతి చివర్లో చెప్తా.

ఇంక ఏమైందంటే, వానలు దగ్గరికొచ్చినయ్. ఒక్క బండి ఉప్పు వాన పడకముందే కొండూళ్ళకు చేర్చాల. చేరకపోతే ఆ ఏడు వాళ్ళ పొయ్యిలో పిల్లి లేవదు. వీణ్ణి నమ్మి పంపలేక పెంచలమ్మ కూడా బయల్దేరింది. ఊరు దాటి గులకరాళ్ళ బాట తగిలిందో లేదో, వీడు బండాపి దిగి, ఎద్దు కాలెత్తి చూసి, "నాడా అరుగుద్దే పెంచలా!" అని ఇసకదారికి మళ్ళించాడంట. ఇసకలో చక్రం కూరకపోయింది. ఇద్దరూ భుజాలేసి తోశారు. కాస్త పోయినాక మళ్ళీ దిగాడు, మళ్ళీ కాలెత్తాడు, బరువుకి నాడా అరుగుద్దే పెంచలా అని ఒక బస్తా దించి తన నెత్తినెత్తుకున్నాడు. ఇంకోటి ఆమె నెత్తిన పెట్టాడు. బండి ముందు పోతంది, వీళ్ళు బస్తాలు మోసకుంటా ఎనక నడస్తన్నారు. ఎదురొచ్చినోళ్ళు నిలబడి చూస్తన్నారంట. పెంచలమ్మకు సిగ్గో కోపమో ఏడుపో తెలీలా. "నువ్వు ఎద్దుల్ని తోలతన్నావా, ఎద్దులు నిన్ను తోలతన్నాయా?" అందంట. ఆ రోజు సందేళకు మజిలీ చేస్తే, వీడు కాలి చెప్పులిప్పి, ఆమె చెప్పులడిగి, నీళ్ళు మోసే తోలుతిత్తి ఒకటుంటే అది కూడా కోసి, ఎద్దుల కాళ్ళకు చెప్పులు కట్టాడంట! ఎద్దులు చెప్పులేసుకుని టపటపమని పోతంటే, ఈ మొగుడూ పెళ్ళాం కాళ్ళు బొబ్బలెక్కి కుంటతన్నారు. ఆమె అరిచీ అరిచీ గొంతు పోయి, చివరికి అరవడం కూడా మానేసిందంట.

అట్టా నత్త నడక నడస్తా కొండ కనపడే చోటికొచ్చారో లేదో, వాన పట్టుకుంది. గోనెల్లోంచి ఉప్పునీళ్ళు కారతన్నాయ్. పెంచలమ్మ బండి కింద దోసిలి పట్టుకుని కూచుందంట. ఉప్పునీళ్ళు దోసిట్లో పట్టుకుని ఏం చేసుద్ది పాపం, ఏడ్చుకుంటా కూచుంది. సగం ఉప్పు కరిగిపోయింది. మిగిలిన సగానికి జొన్నలొచ్చినయ్. ఆ జొన్నల్లో సగం నాయుడికి.

నాయుడి దొడ్లో మాలకొండయ్య ఎద్దు కాలెత్తి, "చూడు నాయుడా, ఎట్టా మెరస్తన్నాయో!" అని పళ్ళికిలించాడంట. నాడాలు మెరస్తన్నాయ్. ఎద్దులు బరువు మొయ్యక కండపట్టున్నాయ్. వీడేమో నడుం వంగి, కాళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకునున్నాడు. పెంచలమ్మ ముందుకొచ్చి, "నాయుడా, నీ ఎద్దులరగలా. నా మొగుడరిగాడు. ఈయనకు ఖరీదెవరు కడతారు?" అందంట. మన మాట ఎద్దుల గురించే కదమ్మా అని ఆయన నవ్వి, ఇంత బాగా చూసుకునేవాడు నాకెక్కడ దొరుకుతాడు, వచ్చే ఏడు కూడా మీకే ఇస్తాలే అన్నాడంట. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. బాడుగొద్దు, కొంటాం అని కడియాలు తీసింది. అప్పుడు నాయుడేమన్నాడో తెలుసా? "అప్పుడవి బక్కెద్దులమ్మా. ఇప్పుడు కడియాలకు రావు. ఆ చేతి దండకడియాలు కూడా ఇయ్యి" అన్నాడంట! మేపింది వీళ్ళు, మోసింది వీళ్ళు, ఆ పట్టిన కండకు మళ్ళీ ఖరీదు కట్టింది వీళ్ళే. మొగుడి వంక కాల్చేసేట్టు చూసి, దండకడియాలు కూడా ఊడదీసిచ్చింది.

బండి కట్టించి, తనే ఎక్కి పగ్గాలు పట్టుకుంది. ఇసకదారి వదిలేసి నేరుగా గులకరాళ్ళ బాట మీదికి తోలింది. నాడాలు ఠంగుఠంగుమంటన్నాయ్. ఎనక కూచున్న మాలకొండయ్య అలవాటు కొద్దీ, "నాడా అరుగుద్దే పెంచలా!" అన్నాడంట. ఆమె ఎనక్కి తిరక్కండానే, "అరగనీ. మనదే" అందంట.

అదీ సంగతి. ఎప్పుడో పెళ్ళికో పేరంటానికో బండెక్కేవాడికి బాడుగ బాగానే ఉంటది, కాదన్ను. దినాం తిరిగేవాడి తిప్పలే వేరు. ఇప్పుడు చెప్పు కోటిలింగం. ఎరువుల కంపెనీలో జిల్లా అంతా తిరిగే పని నీది. లీజు కారు తెచ్చావు. కిలోమీటర్లు దాటితే జరిమానా అని దాన్ని పందిట్లో పట్టా కప్పి పడుకోబెట్టి, నువ్వు బస్సుల్లో నిలబడి పోతన్నావు. నవ్వింది చాల్లే గానీ, పొద్దున్నే పోయి ఆ కారు టైర్లకు నాలుగు చెప్పులు కుట్టించు.